పదిహేడో రోజు

గుడ్లు బేసిగా పెట్టమంటారు. పదకొండు పెట్టాను.
ఎందుకని అడక్కు. మా అత్త చెప్పలేదు, నేనూ అడగలేదు.
పాత గంప, అడుగున ఇసుక, ఇసుక మీద వరిగడ్డి,
పేలు పట్టకుండా గడ్డిలో రెండు పొగాకు కాడలు,
ఉరుముకి గుడ్డు చెడకుండా ఓ విరిగిన కొడవలి ముక్క.
నమ్మకం సంగతి తర్వాత. ఇనుప ముక్క పెట్టడానికి ఖర్చేముంది?

ఆ యేడు రెండు పెట్టలు ఒకేసారి పొదుగుకొచ్చాయి.
మైల పెట్ట నెమ్మదస్తురాలని దాన్ని కూర్చోబెట్టాను.
కౌజు పెట్టకి గుడ్లు లేవు.
ఉన్న పదకొండూ పల్లాలమ్మగారి రసంగి పుంజు తాలూకు,
గుడ్డు వంద చొప్పున అప్పు.
అందుకని కౌజుని కాలవలో మూడు మునకలు ముంచి,
చిల్లుల తట్ట కింద మూడు రోజులు మూసి,
ముక్కులో దాని ఈకే గుచ్చి...
అందరూ చేసేదే, నేనూ చేశాను.
నాలుగో రోజు తట్ట తీస్తే
తిన్నగా వెళ్ళి రోలు పక్కన
ఓ ఉల్లిపాయ మీద కూర్చుంది.

ఏడో రాత్రి లైట్లార్పి
ఫోను వెలుగుకి గుడ్డు ఆనించి చూశాను.
లోపల నల్లపూసంత చుక్క,
దాన్నుంచి ఎర్రటి దారాలు చీలి, పాయలై, మళ్ళీ చీలి,
బళ్ళో గోడ మీది పటంలో
సముద్రం ముందు గోదారి విడిపోయినట్టు.
రెండిట్లో ఏమీ లేదు, ఒట్టి వెలుగు.
తీసేశాను. తొమ్మిది. ఇంకా బేసే.

రోజుకోసారి మైలని ఎత్తి కిందికి దించాలి.
పొట్ట కింద చెయ్యి పెడితే కుంపటి.
గుప్పెడు నూకలు, నీళ్ళు, బూడిదలో ఓ పొర్లు,
వీధంతా కంపు కొట్టే ఒకే ఒక్క రెట్ట,
నా కాఫీ గ్లాసు అడుగంటేలోగా అన్నీ అయిపోవాలి.

పదిహేడో రోజు పొద్దున్నే
ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక అన్నారు.
మధ్యాహ్నానికి మా లంకలో
అరటి మొదళ్ళన్నీ ఎర్రనీళ్ళలో.
గంగాద్రి పడవ తెచ్చాడు. మనుషులు, మేకలు, గ్యాసు బండలు.
"ఇప్పుడు కోళ్ళెందుకమ్మా?" అన్నాడు.
"కోళ్ళు కాదు, గుడ్లు.
ఇంకా నాలుగు రోజుల పనుంది" అన్నాను.

గంప ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు కప్పాను.
నడి ఏట్లో ఇంజను దగ్గి, ఆగి, ఒక్కసారి గర్జించింది.
మైల తువ్వాలు తన్నుకుని లేచి
పడవ కొస మీద వాలింది.
ఇక గంప వంక చూడలేదు.
నెమ్మదస్తురాలు అనుకున్నాను గదా. మనకేం తెలుసు.

గుడ్లు చల్లబడుతున్నాయి.
కొంగు చాల్లేదు. నా అరచేతులూ చాల్లేదు.
అప్పుడు మేకల కాళ్ళ మధ్య సంచిలోంచి
కౌజు గొణుగుడు వినబడింది,
పొదుగు మీదున్న పెట్టలకే వచ్చే ఆ బొంగురు గొణుగుడు.
ఇన్ని రోజులూ ఉల్లిపాయ మీద, పాత చెప్పు మీద,
చివరికి ఒట్టి నేల మీద
కూర్చున్న మొండిది.

కాళ్ళ తాడు విప్పి గంపలో వదిలాను.
ముక్కుతో ఒక్కో గుడ్డూ లోపలికి లాక్కుంది,
రెక్కలు వదులు చేసింది,
దిగబడిపోయింది.
నేను గుచ్చిన ఈక దాని ముక్కులో ఇంకా సగం ఉంది.
వేళ్ళతో పట్టి లాగేశాను. పొడిచింది. పొడవనీ.

ఏటిగట్టు దాటాక బడి వరండాలో,
పులిహోర పొట్లాల మధ్య, తడి చాపల మధ్య, నాలుగు రోజులు.
మూడో రాత్రి గంపకి చెవి ఆనిస్తే
పెంకు లోపల్నించి చిన్న పిలుపు,
పైనుంచి కౌజు జవాబు.
ఆరు పిల్లలు. రెండు మురిగాయి.
ఒకటి పెంకుకి చిల్లు పెట్టి, అలసి, అక్కడే ఆగిపోయింది.
దాన్ని తీస్తుంటే కౌజు చాలాసేపు నా చేతినే చూసింది.

పల్లాలమ్మగారి అప్పు తీర్చేశాను.

ఇప్పుడు నువ్వొచ్చి
పొదుగు మాన్పించడం ఎలాగని అడుగుతున్నావు.
కాలవ ఉంది, తట్ట ఉంది, తెలిసింది చెప్పాను.
ఈక మాత్రం నన్ను గుచ్చమనకు.